సామ్రాట్‌కు జీవితకాల వారంటీ

యానాం వంతెన కింద, మూడో స్తంభం నీడలో, ఒక పండుగప్ప కాపురం ఉంటోందని మురమళ్ళలో అందరికీ తెలుసు. కళ్ళారా చూసినవారు మాత్రం పెచ్చెట్టి సూర్యచక్రం గారొక్కరే. ఎంత ఉంటుందండీ అని ఎవరైనా అడిగితే ఆయన రెండు చేతులూ బార చాపి చూపించేవారు. ఏటికేడాదీ ఆ చేతుల మధ్య దూరం పెరుగుతోందని ఆయన బావమరిది దొరబాబు ఎద్దేవా చేస్తాడు గానీ, చేప మాత్రం పెరగదా ఏమిటి?

చక్రం గారు కొబ్బరికాయల వ్యాపారం చేసి చేసి, చివరికి కొట్టు అల్లుడికి అప్పగించి గాలం పట్టుకున్న మనిషి. వారమంతా ఆదివారం కోసం బతికేవారు. ఆదివారం తెల్లారేసరికి గౌతమి ఒడ్డున ఉండాలి, అంతే. పడితే పడింది, లేకపోతే లేదు. నీళ్ళకేసి చూస్తూ కూర్చుంటే మోకాళ్ళ నొప్పులు కూడా గుర్తుండవని అనేవారు. ఆ పండుగప్పని ఒక్కసారి ఒడ్డుకు లాగి, దాని మొహం తీరిగ్గా చూసి, మళ్ళీ నీళ్ళలో వదిలేసినా చాలని ఆయన కోరిక. వదిలేసే ఉద్దేశం మాత్రం భార్య కనకరత్నానికి చెప్పలేదు. ఆవిడ దాన్ని ముక్కల కింద, వేపుడు కింద ఎప్పుడో లెక్క వేసుకుని ఉంది.

ఆయన చేతిలోది మామూలు గాలపుకర్ర కాదు. లకుముకి కంపెనీ వారి సామ్రాట్ రాడ్. దాని కథ కొంచెం చెప్పాలి. పదేళ్ళ కిందట కోనసీమలో ఉన్నట్టుండి గాలం వెయ్యడం పెద్దమనిషి లక్షణమైపోయింది. చెరువుల్లో చేపలు పెంచి లారీలకెత్తి కలకత్తా పంపేవాళ్ళు కూడా, ఒకే ఒక్క చేప కోసం దొరల టోపీ పెట్టుకుని ఏటి గట్టున కూర్చోవడం మొదలుపెట్టారు. ఆ వేడిలో లకుముకి వాళ్ళు విశాఖపట్నం నుంచి వచ్చి, హోటల్లో విందు ఇచ్చి, సామ్రాట్‌ని అందరికీ అంటగట్టారు. దొరబాబు కూడా ఒకటి కొన్నాడు. కొన్ననాడే హాల్లో గోడకి బిగించి, పైన లైటు పెట్టించాడు. అది ఇంతవరకూ నీటిచుక్క ఎరగదు. గాలం మోజు ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగానూ పోయింది, పెద్దమనుషులంతా సైకిళ్ళ మీద పడ్డారు. ఏటి ఒడ్డున చక్రం గారొక్కరే మిగిలారు.

వారంటీ ఎన్నాళ్ళని ఆనాడు ఆయన అడిగారు. జీవితకాలం సార్ అన్నారు కంపెనీ వాళ్ళు. ఎవరి జీవితకాలమని ఆయన అడగలేదు. మనమైతే అడిగేవాళ్ళమా?

గోదావరికి పైనుంచి వరద ఎర్రనీరు ఇంకా దిగకముందు, ఒక ఆదివారం పొద్దున్న, ఆ పండుగప్ప చక్రం గారి ఎరని మింగింది. రీలు కీచుమని తిరిగింది. సామ్రాట్ వంగింది, ఇంకా వంగింది, కంపెనీ వాళ్ళ బొమ్మలో చూపించినదానికంటే ఎక్కువే వంగింది, నడిమికి ఠక్కున విరిగింది. చేప ఒక్కసారి నీటిమీదికి లేచి, తెల్లటి పొట్ట చూపించి వెళ్ళిపోయింది. చక్రం గారు రెండు ముక్కలూ పట్టుకుని ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డారు.

“పోనీలెండి, వారంటీ ఉందన్నారుగా,” అంది కనకరత్నం. “వీధిలో వచ్చేపోయేవాళ్ళందరికీ ఇన్నేళ్ళూ చెబుతూనే ఉన్నారుగా.”

సాయంత్రం దొరబాబు పరామర్శకి వచ్చాడు. “నాలాగా గోడకి తగిలించుకుంటే విరిగేదా బావా?” అన్నాడు కుర్చీ లాక్కుంటూ.

“పోనీ నీది ఒక్క ఆదివారం ఇయ్యరా. ఎర్రనీరు దిగిందంటే ఇంక దసరా పోయేదాకా దాని మొహం చూళ్ళేం.”

“అమ్మమ్మో, అది హాల్లో సెట్టయిపోయింది బావా. తీస్తే గోడ బోసిపోద్ది.”

ఇంక చేసేదేముంది, చక్రం గారు ముక్కలు రెండూ తువ్వాల్లో చుట్టుకుని విశాఖపట్నం బస్సెక్కారు.

లకుముకి భవనం నాలుగంతస్తులది. లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి, టైలు కట్టుకున్న జనం ఫైళ్ళు పట్టుకుని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పరుగులు పెడుతున్నారు. ఇంత పని జరుగుతున్న చోట తన కర్ర ఏపాటి అని చక్రం గారికి ధైర్యం వచ్చింది. కౌంటరు మీద ముక్కలు పెట్టి, “విరిగిందండి, మార్చాలండి,” అన్నారు.

కౌంటరులో ఉన్నాయన ఆ ముక్కల్ని చూసి లేచి నిలబడ్డాడు. పక్కనున్నాయనా లేచాడు. క్షణంలో ఈ సంగతి మేడమీదికి పాకింది. ఎవరో కుర్చీ తెచ్చారు, ఎవరో దాన్ని జేబురుమాలుతో తుడిచారు, ఇంకెవరో చక్కెర లేని టీ తెచ్చి రెండు చేతులతో అందించారు. బతికున్న క్లెయిం వచ్చిందటండీ అని వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడుకోవడం ఆయన చెవిన పడింది. అర్థం కాలేదు గానీ మర్యాద బాగుందనుకున్నారు.

ఆయన్ని ముఖ్య వారంటీ అధికారి అవసరాల విశ్వపతి గదిలోకి తీసుకెళ్ళారు. విశ్వపతి పొడుగాటి మనిషి, మాట అంతకంటే పొడుగు.

“మీవంటి వినియోగదారులే మా విభాగానికి ఊపిరి,” అన్నాడు విశ్వపతి. “అయితే తమకు ఒక వాస్తవాన్ని నివేదించవలసి ఉంది. సామ్రాట్ ఉత్పత్తిని సంస్థ తొమ్మిదేళ్ళ క్రితమే శాశ్వత ప్రాతిపదికన విరమించుకున్నది. కర్మాగారం ప్రస్తుతం కల్యాణమండపంగా సేవలందిస్తున్నది. అమ్మకాల విభాగం, ప్రచార విభాగం యావత్తూ రద్దయినవి. కానీ ఇచ్చిన మాట ఇచ్చిన మాటే. ఉత్పత్తి ఆగవచ్చును, వాగ్దానం ఆగరాదు. అందుచేత వారంటీ విభాగం మాత్రం సంపూర్ణ సిబ్బందితో కొనసాగుతున్నది.”

“మరి ఇంతమందీ ఏం చేత్తారండి?”

“ఎదురుచూస్తాం,” అన్నాడు విశ్వపతి గంభీరంగా.

తరవాత పరీక్ష జరిగింది. విశ్వపతి గది మధ్యలో ఒక గాజుపెట్టె, అందులో పట్టుగుడ్డ మీద నిగనిగలాడుతూ, రీలూ లైనుతో సహా, ఒక సామ్రాట్. కంపెనీ దగ్గర మిగిలింది అదొక్కటే. దాని పేరు ప్రామాణిక నమూనా. ఏ రాడ్‌లో లోపం ఉందో లేదో దానితో పోల్చి చెప్పాలి తప్ప మనిషి కంటితో చూసి చెప్పకూడదని నిబంధన. తెల్లటి చేతితొడుగులు వేసుకున్న నలుగురు అధికారులు వచ్చి, చక్రం గారి ముక్కల్ని గాజుపెట్టె పక్కన పెట్టి, వంగి చూసి, నిలబడి చూసి, పక్కగదిలోకి వెళ్ళి చర్చించుకుని వచ్చారు.

“నమూనా ఒకటిగా ఉన్నది. క్లెయిం వస్తువు రెండుగా ఉన్నది,” అని విశ్వపతి ప్రకటించాడు. “కావున లోపం ఉన్నట్టు నిర్ధారణ అయినది. అభినందనలు.”

చక్రం గారి మొహం చేటంత అయింది. “అయితే అదిచ్చెయ్యండి మరి,” అన్నారు గాజుపెట్టె చూపించి.

గదిలో ఎవరికో పొలమారింది. విశ్వపతి మాత్రం నవ్వాడు. “నమూనాను ఇచ్చివేస్తే మీ రాడ్‌లో లోపం ఉన్నదని దేనితో పోల్చి చెప్పగలం? లోపం ఉన్నదని చెప్పలేకపోతే మీకు రాడ్ ఎందుకివ్వాలి? కావున నమూనాను ఇచ్చిన మరుక్షణం, నమూనాను ఇవ్వవలసిన అవసరమే ఉండదు.”

చక్రం గారు ఆ మాటని ఆ చివర్నుంచీ ఈ చివర్నుంచీ పట్టుకుని చూశారు గానీ ఎక్కడా పట్టు దొరకలేదు. “పోనీ ఇంకో రకం ఇయ్యండి,” అన్నారు.

“అదే మోడల్ ఇవ్వాలని నిబంధన. తక్కువరకం ఇస్తే తమకు అన్యాయం, ఎక్కువరకం ఇస్తే సంస్థకు అన్యాయం.”

“అదే మోడలు లేదన్నారు కదండి.”

“ప్రస్తుతానికి లేదు. కానీ తమ వారంటీ జీవితకాలం. తమ జీవితకాలంలో సంస్థ ఎప్పుడు తయారీ పునఃప్రారంభిస్తే అప్పుడు మొదటి సామ్రాట్ తమదే. అంతవరకూ ఆ జీవితకాలాన్ని కాపాడవలసిన బాధ్యత మా మీద ఉన్నది. తమరు చేయవలసిందల్లా ఒక్కటే. ఈలోగా వేరే కంపెనీ కర్ర గానీ, కంపెనీయే లేని కర్ర గానీ నీటికి తగిలించరాదు. తగిలించినచో క్లెయిం రద్దవుతుంది.”

“మిగతా సామ్రాట్లు కొన్నవాళ్ళంతా ఏమయ్యారండి?”

విశ్వపతి గొంతు తగ్గించాడు. “కొందరివి విరగనేలేదు, వారితో మనకు పనిలేదు. కొందరు విసిగి వేరే కర్రలు పట్టి క్లెయిం పోగొట్టుకున్నారు. ఆఖరి క్లెయిం గుంటూరు వారిది. మొన్న మాఘమాసంలో వారి జీవితకాలం పూర్తయినది. ఆనాటి నుంచి విభాగాన్ని మూసివేయాలని పైనుంచి ఒత్తిడి. ఇంటికి పోవలసిందే అని మేమంతా సామాన్లు సర్దుకుంటున్న సమయంలో, దేవుడిలాగా తమరు వచ్చారు.”

గుమ్మం దగ్గర నిలబడ్డ సిబ్బంది అందరూ చక్రం గారికి నమస్కారం పెట్టారు. ఆయన కూడా పెట్టి బస్టాండుకు వెళ్ళిపోయారు.

వారం తిరక్కుండా మురమళ్ళలో చక్రం గారి ఇంటిముందు లకుముకి వ్యాను ఆగింది. అందులోంచి హైమవతి అనే ఆవిడ, చేతిలో బీపీ మిషనుతో దిగింది. వినియోగదారు ఆయుర్దాయ పర్యవేక్షకురాలినని చెప్పుకుంది. అంతకుముందు రీళ్ళకి గ్రీజు రాసే సెక్షనులో ఉండేదట. ఆ సెక్షను ఎత్తేశాక ఇటు వేశారు. పాపం, మంచిది. పని మీద శ్రద్ధ ఉన్న మనిషి.

ఆవిడ చక్రం గారి నాలుక చూసింది, కళ్ళ కింద చర్మం లాగి చూసింది, వంటింట్లోకి వెళ్ళి డబ్బాలన్నీ మూతలు తీసి చూసింది. ఆవకాయ నిషిద్ధం అంది. జీడిపప్పు పాకం నిషిద్ధం అంది. కనకరత్నం సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

“ఇన్నేళ్ళూ నేను మొత్తుకుంటున్నది అదే కదమ్మా. ఆ అటక మీద డబ్బాలో కాజాలు దాచుకున్నారు, అవి కూడా చూడండి,” అంది.

కాజాలు వ్యానెక్కాయి. చక్రం గారు వాటికేసి చూస్తూ నిలబడ్డారు. పోనీలే, ఆదివారం ఉంది కదా, గాలం లేకపోయినా ఒట్టిచేతులతో ఏటి ఒడ్డున కూర్చుని వస్తాను అనుకున్నారు. ఆదివారం చొక్కా వేసుకుని గేటు దాకా వచ్చేసరికి హైమవతి అడ్డంగా నిలబడింది.

“నదీ పరిసరాలని ప్రమాద ప్రాంతంగా గుర్తించామండి. గాలం వేసేవాళ్ళు ఎక్కువగా నీళ్ళ దగ్గరే మునిగిపోతున్నారని మా అధ్యయనంలో తేలింది.”

“గాలం వెయ్యడానికే కదమ్మా నేను కర్ర అడిగింది.”

“రాడ్ వచ్చేదాకా మీరుండాలి కదండీ.”

“వచ్చాక ఎల్లనిస్తారా?”

హైమవతి నిజాయితీగా ఆలోచించింది. “వచ్చాక దాన్ని కూడా కాపాడాలి కదండీ,” అంది.

అక్కడి నుంచి కంపెనీ వాళ్ళు ఆగలేదు. ఎదురింట్లో ఒక వాటా అద్దెకి తీసుకుని క్యాంపు కార్యాలయం తెరిచారు. వీధి మలుపులో అంబులెన్సు వచ్చి నిలబడింది. చక్రం గారి స్కూటరు తాళం జప్తు చేశారు. డాబా మెట్లకి అడ్డంగా తాడు కట్టారు. స్నానాల గదిలో రబ్బరు పట్టాలు పరిచి, ఆయన జారకుండా బయటికి వచ్చేదాకా ఒక గుమాస్తా తలుపవతల నిలబడి దగ్గుతూ ఉండేవాడు. గోడ మీద బోర్డు పెట్టారు, ‘ఇచట వారంటీ పరిధిలోని వ్యక్తి నివసించుచున్నారు, నెమ్మదిగా మాట్లాడవలెను’ అని. దొరబాబు వెక్కిరించడానికి వస్తే, పరిహాసాలు భోజనానికి ముందే గానీ తరవాత అనుమతించబోమని చెప్పి వెనక్కి పంపారు. ఆ ఒక్క విషయంలో చక్రం గారికి కంపెనీ మీద గౌరవం కలిగింది.

విభాగం వాళ్ళు రాతిగుండె వాళ్ళు కాదు. వినియోగదారుడు దిగులుగా ఉన్నాడని నివేదిక వెళ్ళగానే, పెరట్లో ఒక సిమెంటు తొట్టి కట్టించి, చీలమండ లోతు నీళ్ళు పోసి, రబ్బరు చేప ఒకటి వేశారు. దీని పేరు వినియోగ అనుభూతి ఏర్పాటు. చక్రం గారు తొట్టి పక్కన కుర్చీలో కూర్చుని దారం పట్టుకోవాలి. అవతల చివర ఒక సీనియర్ అసిస్టెంటు బాసింపట్టు వేసుకుని కూర్చుని, మధ్యమధ్య దారాన్ని కుదుపుతూ ఉంటాడు. కాసేపటికి లేచి, “చేప పడినది సార్, సంతృప్తి ఏ మేరకు కలిగినది?” అని అడుగుతాడు. ఓ మోస్తరండి అనేవారు చక్రం గారు. మనిషి మర్యాదస్థుడు.

వ్యవహారం కనకరత్నం దాకా వచ్చింది ఆషాఢంలో. క్లెయిందారుతో భార్య జరిపే వాదనలు ఒక్కొక్కటీ ఐదు నిమిషాలకు మించరాదని, గొంతు స్థాయిని పర్యవేక్షకురాలు నిర్ణయిస్తారని హైమవతి చదివి వినిపించింది.

“నా మొగుడితో నేను పోట్లాడుకోడానికి మీ పర్మిషనా?” అంది కనకరత్నం. ఐదు నిమిషాలు దాటిపోయాక కూడా ఆ మాటే అంటూ ఉంది.

చక్రం గారు మాత్రం ఎవరినీ ఏమీ అనడం మానేశారు. పోటు ఎక్కే వేళకి అరుగు మీద కూర్చుని ఏటి వైపు చెవి పెట్టేవారు. అన్నం కలిపి వదిలేసేవారు. భద్రాచలం దగ్గర నీళ్ళు రంగు మారాయని పాలవాడు చెప్పిన రోజున ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం కనకరత్నం చూసింది.

ఆ రోజే ఆయన విశ్వపతికి ఫోను చేశారు. “నాకు కర్రొద్దండి బాబూ. క్లెయిం రద్దు చేసెయ్యండి.”

“ఒకసారి లోపం ఉన్నదని నిర్ధారించాక లేదనడానికి మేమెవరం?” అన్నాడు విశ్వపతి. “పునఃపరీక్ష కోరే హక్కు తమకున్నది. తమ రాడ్ నమూనాతో సరిపోలినచో క్లెయిం మూసివేయబడుతుంది. వేరే మార్గం లేదు.”

“ఇరిగిపోయింది ఎలా సరిపోల్తాదండి?”

“అదే మా ధైర్యం. అయినప్పటికీ తమ హక్కును గౌరవించి, వచ్చే ఆదివారం నమూనాతో సహా నేనే వస్తాను. సరిపోలడం లేదని తమ కళ్ళముందే నిరూపిస్తాను.”

శనివారం ధవళేశ్వరంలో గేట్లు ఎత్తబోతున్నారని తెలిసింది. ఆదివారం పొద్దున్నే కనకరత్నం పెరటి తలుపు వెనకనుంచి పొడుగాటి వెదురుకర్ర తీసింది. దానికి దారం, బెండు, గాలం అన్నీ కట్టి ఉన్నాయి.

“సంతలో కొన్నాను. రేపటికి ఎర్రనీరొచ్చేస్తాది. ఏటికెళ్ళండి.”

“వేరే కర్ర నీటికి తగిలిత్తే క్లెయిం పోద్ది రత్నం.”

“పోనీండి. క్లెయిం నాకెందుకు, నాకు మొగుడు కావాలి. మిమ్మల్ని ఇలా చూస్తుంటే ఏడుపొస్తోంది.”

ఆయన భార్య మొహంలోకి చూశారు. కర్ర అందుకున్నారు. ఆవిడ వీధిలోకి వెళ్ళి హైమవతినీ, క్యాంపు సిబ్బందినీ పెసరట్లకి పిలిచింది. ఇన్నాళ్ళూ క్లెయిందారు పథ్యాన్ని కాపలా కాస్తూ వాళ్ళు కూడా అదే తింటున్నారు. పెసరట్టూ ఉప్మా వాసన తగిలేసరికి దగ్గే గుమాస్తా కూడా దగ్గు మానేసి వచ్చేశాడు. చక్రం గారు కొబ్బరితోట వెనకనుంచి పడి, అటువైపు వెళుతున్న ఆటో ఎక్కి, వంతెన దగ్గర దిగారు.

రాతిగట్టు మీద కూర్చుని రొయ్యని గాలానికి గుచ్చుతుండగా పైనుంచి హారన్లు వినిపించాయి. ఇంట్లో ఆయన లేరని క్యాంపువాళ్ళు కనిపెట్టేసినట్టున్నారు. వ్యాను, దాని వెనక అంబులెన్సు, దాని వెనక విశాఖపట్నం నుంచి వచ్చిన బస్సు. బస్సులోంచి విభాగం మొత్తం దిగింది. అందరికీ టైలు, టైల మీద నీటిలో తేలే జాకెట్లు. ముందు విశ్వపతి, ఆయన వెనక ఇద్దరు గాజుపెట్టె మోసుకుంటూ. వంతెన మీద వెళ్తున్న జనం ఆగిపోయారు. సైకిలు తొక్కుతూ వచ్చిన దొరబాబు కూడా కాలు ఆనించి నిలబడ్డాడు.

“చక్రం గారూ, ఆ వెదురుకర్రను నీటికి తగలనివ్వకండి,” అన్నాడు విశ్వపతి. మొదటిసారిగా ఆయన మాట పొట్టిగా వచ్చింది. “తగిలితే క్లెయిం పోతుంది. క్లెయిం పోతే విభాగం పోతుంది. నా వెనక వీళ్ళని చూడండి.”

చక్రం గారు చూశారు. ఆ జాకెట్లలో వాళ్ళ మొహాలు నిజంగానే పాలిపోయి ఉన్నాయి. జాలి వేసింది. కానీ అవతల పోటు ఎక్కుతోంది, స్తంభం నీడలో నీళ్ళు ఒకచోట సుడి తిరుగుతున్నాయి.

“నేను గాలం వెయ్యడం మాత్రం ఖాయం అండి,” అన్నారు. “ఏ కర్రతో అన్నది మీ ఇష్టం.”

విశ్వపతి కళ్ళు మూసుకుని నిబంధనలన్నీ ఒకసారి తిరగేసుకున్నాడు. వేరే కర్ర పట్టుకోకుండా ఈయన్ని ఆపాలి. ఆపాలంటే ఆ చేతిలో సొంత కంపెనీ కర్ర ఉండాలి. సొంత కంపెనీ కర్ర ఆ క్షణాన అందుబాటులో ఉన్నది ఒక్కటే. ఆయన మెల్లిగా చెయ్యి ఊపాడు. గాజుపెట్టె తెరిచారు.

“కేవలం ధారణ నిమిత్తం,” అంటూ నమూనాని అందించాడు. చక్రం గారి చేతులకి తెల్లటి తొడుగులు వేశారు. హైమవతి పరుగున వచ్చి, ఎడమ జబ్బకి బీపీ పట్టీ చుట్టింది.

సామ్రాట్ చేతిలోకి రాగానే చక్రం గారికి ఒళ్ళు ఝల్లుమంది. ఎన్ని వారాలైంది. ఆయన తన గాలం, తన రొయ్య దానికి కట్టుకుని, మణికట్టు ఒక్కసారి తిప్పారు. లైను గాలిలో పొడుగ్గా సాగి, మూడో స్తంభం పక్కన, పడాల్సిన చోట పడింది. బస్సులోంచి దిగినవాళ్ళంతా నోళ్ళు తెరిచారు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ వస్తువు దేనికి పనికొస్తుందో వాళ్ళు చూడటం అదే మొదలు.

ఎంతోసేపు పట్టలేదు. రీలు కీచుమంది.

“అదే,” అన్నారు చక్రం గారు. “అదేనండి, అదే.”

చేప లాగింది, ఆయన వదిలారు. చేప అలిసింది, ఆయన చుట్టారు. మోకాళ్ళ నొప్పులు లేవు, కంపెనీ లేదు, ఎర్రనీరు లేదు. చేప కొంచెం కొంచెంగా గట్టువైపు వస్తోంది. హైమవతి మాత్రం మిషను మీద కళ్ళు తియ్యలేదు.

“నూట అరవై,” అంది. “నూట ఎనభై. సార్, క్లెయిందారు ప్రమాదంలో ఉన్నారు. భారం మీరు తీసుకోవాలి సార్.”

“వద్దమ్మా, ఇంకొక్క నిమిషం,” అంటున్నారు చక్రం గారు. అప్పటికే ఇద్దరు గుమాస్తాలు ఆయన్ని నడుం పట్టుకుని వెనక్కి కూర్చోబెట్టారు. విశ్వపతి నమూనాని అందుకున్నాడు.

“లైను వదలండి, వదలండి బాబూ,” అని చక్రం గారు వేడుకున్నారు. చేతికి అందినది వదలడం విశ్వపతి ఉద్యోగంలో నేర్చుకోలేదు. రీలుని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. సామ్రాట్ వంగింది, ఇంకా వంగింది, ఠక్కున విరిగింది.

పండుగప్ప అందరి ముందూ నీటిమీదికి లేచింది. చక్రం గారు బార చాపి చూపించినదానికంటే పెద్దదే ఉంది. వంతెన మీద దొరబాబు సైకిలు వదిలేసి రెండు చేతులూ బార చాపి కొలుచుకున్నాడు. చేప తిరిగి నీళ్ళలో పడి, లైను తెంపుకుని వెళ్ళిపోయింది. చక్రం గారు రాళ్ళ మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. అప్పటికి కనకరత్నం కూడా వచ్చి, పక్కన కూర్చుని ఆయన వీపు నిమిరింది. వేపుడు సంగతి ఆవిడ ఎత్తలేదు.

విశ్వపతి చేతిలో రెండు ముక్కలు. చివరికి హైమవతి మెల్లిగా, “సార్, పునఃపరీక్ష ఇవాళే అన్నారు సార్,” అంది.

తేదీ ప్రకటించిన పరీక్ష వాయిదా వెయ్యడానికి వీల్లేదు. వ్యాను ముందుభాగం మీద పట్టుగుడ్డ పరిచి, ఒకవైపు క్యాంపులో భద్రపరిచిన చక్రం గారి ముక్కలు, ఇంకోవైపు నమూనా ముక్కలు పెట్టారు. నలుగురు అధికారులు వంగి చూశారు, నిలబడి చూశారు, అంబులెన్సు వెనక్కి వెళ్ళి చర్చించుకుని వచ్చారు.

“నమూనా రెండుగా ఉన్నది,” అన్నాడు విశ్వపతి నీరసంగా. “క్లెయిం వస్తువు రెండుగా ఉన్నది. విరిగిన చోటు కూడా ఒకటే. తమ రాడ్ ప్రామాణిక నమూనాను అన్నివిధాలా పోలి ఉన్నది. లోపం లేదు. క్లెయిం మూసివేయడమైనది.”

హైమవతి బీపీ పట్టీ విప్పింది. ఆవిడ కళ్ళు చెమర్చాయి. “ఆరోగ్యం జాగ్రత్తండి,” అంది. చక్రం గారు తన రెండు ముక్కలూ తువ్వాల్లో చుట్టుకున్నారు. సిబ్బంది ఒక్కొక్కరే జాకెట్లు విప్పి బస్సులో పడేస్తున్నారు.

విశ్వపతి మాత్రం వ్యాను దగ్గరే నిలబడి, నమూనా ముక్కలకేసి చాలాసేపు చూశాడు. ఉన్నట్టుండి ఆయన మొహంలోకి రక్తం వచ్చింది. నడుం నిటారైంది, మాట మళ్ళీ పొడుగైంది.

“హైమవతి గారూ, నమూనా రెండుగా ఉన్నప్పుడు, ఒకటిగా ఉన్న సామ్రాట్‌ను ఏమనవలెను?”

ఆవిడ ముక్కలకేసి తొంగి చూసింది. “లోపం ఉన్నదనాలి సార్.”

“ఈ రాష్ట్రంలో విరగని సామ్రాట్‌లు ఎన్ని ఉండవచ్చునంటారు?”

జాకెట్లు విప్పినవాళ్ళు మళ్ళీ తొడుక్కున్నారు.

ఆ సాయంత్రమే ఎర్రనీరు దిగింది. మర్నాటికి క్యాంపు కార్యాలయం ఖాళీ అయింది. బోర్డు ఊడదీశారు, తొట్టిలో కనకరత్నం తోటకూర వేసింది. భార్యాభర్తలు ఒకరోజు పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా తనివితీరా పోట్లాడుకున్నారు. చక్రం గారు ఆదివారాలు వెదురుకర్ర పట్టుకుని వంతెన కిందికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఆ ఎర్రటి నీళ్ళలో జెల్లలు తప్ప ఏవీ పడవు. అయినా దసరా వెళ్ళాక నీళ్ళు తేరుకుంటాయి, అది ఎక్కడికీ పోదు, మూడో స్తంభం దాని ఇల్లు.

అలా ఒక ఆదివారం కూర్చుని ఉండగా దొరబాబు దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

“బావా, మీ కంపెనీవాళ్ళు మా ఇంటికొచ్చారు. మా సామ్రాట్‌లో లోపం ఉందంట.”

“ఏం లోపం రా?”

“ఇరగలేదంట. జీవితకాల వారంటీ ఉంది కాబట్టి సరిచేసి తీరతామంటున్నారు. ఒద్దన్నా వినడం లేదు బావా. ఒకావిడ నా నాలుక చూస్తానంటోంది.”

“ఎంతమంది వచ్చారు?”

“బస్సు బావా. బస్సుడు మంది. హాల్లోకి వచ్చేసి, తొడుగులేసుకుని, గోడమీంచి దింపేత్తున్నారు. నువ్వొకసారి మాట్లాడు బావా, నీ మాట వింటారు.”

చక్రం గారు నోరు తెరిచేలోగా ఫోనులో అవతలినుంచి ఠక్కుమని వినిపించింది. ఆ చప్పుడు ఆయన బాగా ఎరుగుదురు. తరవాత చప్పట్లు.

“ఇప్పుడేం చెయ్యమంటావు బావా?” అన్నాడు దొరబాబు.

“మళ్ళీ గోడకి తగిలించేసుకోరా,” అన్నారు చక్రం గారు, బెండు మీంచి చూపు తిప్పకుండా. “ఇంక విరగదు.”